ఖాతా లేదు, చేతిలో చెక్కు ఉంది: డబ్బు ఎక్కడ ఆగుతోంది?

కూలి డబ్బుకో, పొలం కౌలుకో, అమ్మిన గేదెకో ఎవరో చెక్కు రాసిచ్చారు. మీకు బ్యాంకు ఖాతా లేదు. కౌంటర్ దగ్గరికి వెళ్తే "కుదరదు" అన్నారు. ఆ ఒక్క మాట వెనక చాలా కారణాలు ఉండొచ్చు. ఎక్కువసార్లు ఆ కారణం చెక్కు మీదే కనిపిస్తుంది. దాన్ని సరిచేయగలిగేది కూడా బ్యాంకు కాదు, చెక్కు రాసిన మనిషి. కాబట్టి ఆ మనిషి ఎదురుగా ఉండగానే చెక్కును ఒకసారి పూర్తిగా చూసుకోవాలి.

"నగదు ఇవ్వం, ఖాతాలో వేసుకోండి" అంటున్నారు

చెక్కు ఎడమవైపు పై మూల చూడండి. అక్కడ రెండు ఏటవాలు గీతలు ఉంటే అది క్రాస్ చేసిన చెక్కు. అలాంటి చెక్కుకు డబ్బు ఏదో ఒక బ్యాంకు ద్వారానే అందాలని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చెబుతుంది. కౌంటర్‌లో ఉన్న ఉద్యోగి ఇవ్వాలనుకున్నా ఇవ్వలేరు. గీతల మధ్య "అకౌంట్ పేయీ" అని కూడా ఉంటే ఇంకా గట్టి కట్టుబాటు: ఆ డబ్బు చెక్కు మీద పేరున్న మనిషి ఖాతాలోకే వెళ్లాలి. అన్నయ్య ఖాతాలోనో, పక్కింటివాళ్ల ఖాతాలోనో వేయడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు. సహకార పరపతి సంఘాల సభ్యులకు మాత్రం చిన్న మినహాయింపు ఉంది: 50,000 రూపాయలకు మించని చెక్కును సంఘం ఖాతా ద్వారా వసూలు చేసుకునే వీలును బ్యాంకులు ఇవ్వొచ్చు. మీరు అలాంటి సంఘంలో ఉంటే కార్యదర్శిని అడగండి.

అన్నిటికంటే సులువైన దారి, చెక్కు రాసినవారిని గీతలు లేని కొత్త చెక్కు అడగడం. గీతలను రద్దు చేస్తూ దాని మీదే సంతకం పెట్టే పద్ధతి ఉంది కానీ, అది రాసినవారే చేయాలి. మీరు చెరిపినా, కొట్టేసినా ఫోర్జరీ కేసు దాకా పోతుంది.

గీతలు లేవు, అయినా ఇవ్వలేదు

ముందు బ్రాంచి పేరు చూడండి. నగదు కావాలంటే చెక్కు మీద ముద్రించి ఉన్న బ్యాంకుకే, వీలైతే చెక్కు రాసినవారి ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లాలి. అదే బ్యాంకు వేరే బ్రాంచిలో ఇతరులకు ఇచ్చే నగదుకు పరిమితి పెడతారు. వేరే బ్యాంకు అయితే అసలు ఇవ్వరు.

తర్వాత, పేరు పక్కన ముద్రించిన "బేరర్" అనే మాట చూడండి. దాన్ని కొట్టేయకపోతే, చెక్కు తెచ్చిన మనిషికి డబ్బు ఇస్తారు. వెనక సంతకం తీసుకుంటారు, గుర్తింపు కార్డు అడుగుతారు. ఇలాంటి చెక్కు పోతే దొరికినవాళ్లు తీసుకుపోగలరు, కాబట్టి నోట్ల కట్టలాగే దాచుకోండి. బేరర్ కొట్టేసి ఉంటే అది ఆర్డర్ చెక్కు. అప్పుడు ఆ పేరు మీదేనని రుజువు చూపాలి. 2018 మేలో తెలంగాణలో రైతుబంధు మొదటి విడత డబ్బు, ఎకరానికి 4,000 రూపాయల లెక్కన, చెక్కులుగానే వచ్చింది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ చూపించి కౌంటర్‌లోనే నగదు తీసుకున్న రైతులు ఎందరో ఉన్నారు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా "మా దగ్గర ఖాతా ఉంటేనే" అని పంపించేస్తే? ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. డబ్బు ఉండి కూడా చెక్కుకు చెల్లించకపోతే బ్యాంకు జవాబు చెప్పాల్సింది మీకు కాదు, తన ఖాతాదారుడికి. కాబట్టి కౌంటర్ దగ్గర వాదించి టెన్షన్ పడొద్దు. అక్కడే నిలబడి చెక్కు రాసినవారికి ఫోన్ చేయండి, ఆయన చేత మేనేజర్‌తో మాట్లాడించండి. ఆయన మాటకు ఉన్న బరువు మన మాటకు ఉండదు. అన్యాయమనిపిస్తుంది, కానీ పని అయ్యే దారి అదే.

పేరు కలవడం లేదు

మన దగ్గర ఇది మామూలు చిక్కు. చెక్కు మీద "లక్ష్మమ్మ", ఆధార్‌లో "వెంకట లక్ష్మి". ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి పేరుతో ఒక కార్డు, అత్తింటి పేరుతో మరొకటి. ఆర్డర్ చెక్కుకైనా ఖాతాలో వేయడానికైనా ఇది అడ్డుపడుతుంది. చెక్కు రాయించుకునేటప్పుడే ఆధార్ కార్డు ముందు పెట్టి, అందులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయమనండి. సర్కారు పథకం చెక్కు అయితే ఇచ్చిన కార్యాలయానికే తిరిగి వెళ్లి మార్పించుకోవాలి. అందుకు రోజులు పడుతుంది కాబట్టి తేదీ మీద కన్నేసి ఉంచండి.

తేదీ దాటిపోయింది

2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు గడువు తేదీ వేసిన రోజు నుంచి 3 నెలలే. పాత 6 నెలల లెక్క ఇంకా చాలామంది మనసులో ఉంది. దాటితే కొత్తది రాయించుకోవడమే. రాబోయే తేదీ వేసిన చెక్కు అయితే ఆ రోజు వచ్చేదాకా ఆగాలి.

ఖాతాలో డబ్బు లేదంటున్నారు

నోటిమాటతో వెనక్కి రావద్దు. కారణం రాసిన రిటర్న్ మెమో అడిగి తీసుకోండి. మీకు రావాల్సిన బాకీ కిందే ఆ చెక్కు ఇచ్చి ఉంటే, మెమో అందిన 30 రోజుల్లోపు చెక్కు రాసినవారికి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందాక 15 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే, ఆ తర్వాతి నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కోర్టుకు వెళ్లొచ్చు. ఈ గడువులు తప్పితే కేసు బలం పోతుంది, అందుకే నోటీసు దశలోనే లాయర్‌ని కలవండి.

కొత్త చెక్కు ఇవ్వనంటున్నారు

అప్పుడు ఖాతా తెరవడమే దారి. కమీషన్ పట్టుకుని చెక్కు మార్చిపెడతామనే మధ్యవర్తుల దగ్గరికి మాత్రం వెళ్లకండి. అకౌంట్ పేయీ చెక్కు వాళ్ల చేతికి వెళ్లినా వాళ్ల ఖాతాలో పడదు. బేరర్ చెక్కు అయితే వాళ్లతో పనే లేదు.

2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ పథకం కింద ఒక్క రూపాయి లేకుండా ఖాతా తెరుచుకోవచ్చు. ఆధార్ ఉంటే చాలు. ఊళ్లో బ్యాంకు మిత్ర (బ్యాంకు తరఫున పనిచేసే ఏజెంటు) ఉంటే అక్కడే అడగండి. ఏ కార్డూ లేనివారికి కూడా, అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో వేసి, ఫొటో ఇస్తే చిన్న ఖాతా తెరుస్తారు. కానీ అందులో నిల్వ 50,000 దాటకూడదు, ఏడాది మొత్తం జమ లక్ష దాటకూడదు, నెలకు 10,000 కంటే తీయలేరు. తెలంగాణలో ఆడపిల్ల పెళ్లికి కల్యాణలక్ష్మి పథకం కింద పెళ్లికూతురి తల్లి పేరున వచ్చే 1,00,116 రూపాయల చెక్కు అందులో ఇమడకపోవచ్చు. ఆ తల్లి ముందుగానే ఆధార్‌తో పూర్తి ఖాతా తెరుచుకోవాలి.

ఖాతా నంబరు వచ్చాక చెక్కు వెనక ఆ నంబరు, ఫోన్ నంబరు రాసి, ఫారం నింపి ఇవ్వండి. ముద్ర వేసిన రసీదు ముక్క తీసుకున్నాకే కదలండి. 2025 అక్టోబరు 4 నుంచి క్లియరింగ్ (బ్యాంకుల మధ్య చెక్కు డబ్బు వసూలు) వేగం పెరిగింది, చాలా చెక్కులు అదే రోజు తేలిపోతున్నాయి. రెండు రోజులైనా జమ పడకపోతే ఆ రసీదు పట్టుకుని వెళ్లి అడగండి.