బ్యాట్‌మ్యాన్‌లను పోల్చాలంటే ఎంట్రీ సీన్ నుంచి మొదలుపెట్టండి

క్రిస్టియన్ బేల్ గొప్పా, బెన్ ఆఫ్లెక్ గొప్పా, రాబర్ట్ ప్యాటిన్సన్ గొప్పా అని మొదలైన చర్చ ఏదైనా పది నిమిషాల్లో మన హీరోల ఫ్యాన్ వార్‌లా తయారవుతుంది. ఒకడు గొంతు బాలేదంటాడు, ఇంకొకడు దవడ బాగుందంటాడు, మూడోవాడు కలెక్షన్లు పట్టుకొస్తాడు, సినిమా సంగతి ఎవరికీ గుర్తుండదు. నిజంగా పోల్చాలని ఉంటే నటుడిని కాసేపు పక్కన పెట్టి ఒక్క ప్రశ్న పట్టుకోండి: ఈ సినిమా తన బ్యాట్‌మ్యాన్‌ని ఎక్కడ తప్పు పట్టింది? ఈ మధ్య వచ్చిన ప్రతి దర్శకుడూ ఇతన్ని ఏదో ఒక పిడివాదంతో బయల్దేరదీస్తాడు, మధ్యలో ఎక్కడో ఆ వాదం మీద గట్టి దెబ్బ కొడతాడు. ఆ వాదం ఏమిటి, దెబ్బ ఎక్కడ పడింది, పడ్డాక మనిషి మారాడా లేదా అన్నది దొరికితే గొంతులు, సూట్లు, కార్లు అన్నీ దాని వెనకే వస్తాయి.

ముందు సినిమాలు ఎంచుకోండి. అన్నీ వద్దు. 1989లో మైకేల్ కీటన్‌తో టిమ్ బర్టన్ తీసినది, ఆ తర్వాత 1997 దాకా వచ్చినవి వేరే లెక్క, వాటిని కూడా కలిపితే మీ చెయ్యి దాటిపోతుంది. బేల్‌తో క్రిస్టఫర్ నోలన్ తీసిన బ్యాట్‌మ్యాన్ బిగిన్స్ (2005), ది డార్క్ నైట్ (2008), ది డార్క్ నైట్ రైజెస్ (2012), ఆఫ్లెక్‌తో జాక్ స్నైడర్ తీసిన బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్ (2016), ప్యాటిన్సన్‌తో మ్యాట్ రీవ్స్ తీసిన ది బ్యాట్‌మ్యాన్ (2022), ఈ ఐదూ చాలు. 2017 నాటి జస్టిస్ లీగ్ జోలికి పోకండి. స్నైడర్ మధ్యలో తప్పుకుంటే ఇంకో దర్శకుడు పూర్తి చేసిన సినిమా అది, అందులో ఆఫ్లెక్ ఒక సీన్‌లో ఒకలా, పక్క సీన్‌లో ఇంకోలా కనిపిస్తాడు, దాన్ని పట్టుకుని అతన్ని తిట్టడం న్యాయం కాదు. 2016 సినిమా మాత్రం థియేటర్లో వచ్చినది కాకుండా అరగంట ఎక్కువున్న అల్టిమేట్ ఎడిషన్ చూడండి. క్లార్క్ కెంట్, అంటే మామూలు వేషంలో ఉన్న సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ ఊరైన గోథమ్‌కి వెళ్లి బ్యాట్‌మ్యాన్ గురించి వాకబు చేసే సీన్లు థియేటర్ వెర్షన్‌లో కోసేశారు, అవి లేకపోతే వాళ్లిద్దరికీ ఎక్కడ చెడిందో సగమే అర్థమవుతుంది.

ఇంకో మాట. తెలుగు డబ్బింగ్‌లో కథ హాయిగా అర్థమవుతుంది, ఒకసారి అలాగే చూడండి, తప్పేం లేదు. కానీ పోల్చేటప్పుడు ఒరిజినల్ ఆడియో పెట్టి సబ్‌టైటిల్స్ వేసుకోక తప్పదు, ఎందుకంటే ముసుగులో ఉన్నప్పుడు బేల్ గొంతు చించుకుని గర్జిస్తాడు, ఆఫ్లెక్ గొంతు యంత్రంలోంచి వస్తుంది, ప్యాటిన్సన్ దాదాపు గుసగుసలాడతాడు, డబ్బింగ్‌లో ఈ మూడింటికీ మనకి వినిపించేది డబ్బింగ్ ఆర్టిస్టు గొంతు.

ఇప్పుడు ఐదు సినిమాలూ వరుసగా కూర్చుని చూడొద్దు. పన్నెండు గంటలు దాటిపోతుంది, చివరికి వచ్చేసరికి మొదటిది మర్చిపోతారు. దాని బదులు ఒకే పని చేసే సీన్లను పక్కపక్కన పెట్టుకుని చూడండి. మొదట ఎంట్రీ. మనకి ఎలివేషన్ అంటే ఏంటో ఎవరూ నేర్పక్కర్లేదు కాబట్టి ఇక్కడ మన కన్ను బాగా పనిచేస్తుంది, అయితే హీరోని ఎంత ఎత్తారు అని కాకుండా ఎవరి కళ్లలోంచి ఎత్తారు అని చూడండి.

2005లో దాదాపు గంట గడిచేదాకా సూట్ కనపడదు. కనపడేది రేవు దగ్గర, అదీ రౌడీల వైపు నుంచి. ఒక్కొక్కడూ మాయమవుతుంటాడు, మిగిలినవాడు ఎక్కడున్నావురా అని అరుస్తుంటే సమాధానం పక్కనే తలకిందులుగా వేలాడుతుంటుంది. దయ్యం సినిమా పద్ధతిలో తీశారు, కానీ భయపడేది దొంగలే. 2016లో ఇద్దరు పోలీసులు ఒక పాడుబడ్డ ఇంట్లోకి వెళ్తారు, అక్కడ బంధించి ఉంచిన ఆడవాళ్లు తమని కాపాడినవాడినే దయ్యం అంటూ వణుకుతుంటారు, మేడమీద ఒకడు ఒంటి మీద గబ్బిలం ముద్ర కాల్పించుకుని పడి ఉంటాడు, టార్చ్ వెలుగు పడేసరికి బ్యాట్‌మ్యాన్ సీలింగ్ మూలకి అతుక్కుని ఉంటాడు, చూసిన కుర్ర పోలీసు బెదిరిపోయి కాల్చేస్తాడు. ఇక్కడ భయం పోలీసుకీ ఉంది, బాధితులకీ ఉంది. అంటే సినిమా మొదటి అరగంటలోనే చెప్పేసింది, ఇతను దారి తప్పాడని.

2022 ఎంట్రీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. హాలోవీన్ రాత్రి, ఆకాశంలో బ్యాట్‌మ్యాన్‌ని పిలిచే గబ్బిలం గుర్తు వెలుగు (బ్యాట్ సిగ్నల్), దొంగలు ఎక్కడ చీకటి కనపడినా అటు చూసి జంకుతుంటారు, అతను మాత్రం రాడు. చివరికి రైల్వే స్టేషన్‌లో ముఖాలకి రంగు పూసుకున్న గ్యాంగ్ ఒక మనిషి మీద పడితే అప్పుడు చీకట్లోంచి బూట్ల చప్పుడు వినిపిస్తుంది, తాపీగా, ఒక్కో అడుగూ. నువ్వెవరివిరా అంటే ఒకడిని లేవలేకుండా కొట్టి, నేను పగని అంటాడు. ఈలలు పడే చోటు. అందరూ ఇక్కడే క్లిప్ ఆపేసి స్టేటస్ పెట్టుకుంటారు. మీరు ఆపకండి, ఇంకొన్ని క్షణాలు చూడండి. అతను కాపాడిన ఆ మనిషి నేల మీద పడి ఉండి, బ్యాట్‌మ్యాన్ తనవైపు తిరగ్గానే దయచేసి నన్ను కొట్టొద్దు అంటాడు. రీవ్స్ సినిమా మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది.

తర్వాత సందు. తల్లిదండ్రుల హత్య, ముత్యాల దండ, పిల్లాడు. పెద్దయ్యాక బ్యాట్‌మ్యాన్ అయ్యే బ్రూస్ వేన్ ఆ పిల్లాడు. 1939 మేలో డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో బ్యాట్‌మ్యాన్ వచ్చినప్పుడు ఈ కథ లేనే లేదు, 33వ సంచికలో చేర్చారు, అప్పటినుంచి వదల్లేదు. ఇక్కడ ఎవరు బాగా ఏడిపించారని చూడకండి, హత్యకి ముందు పిల్లాడు ఏం చేస్తున్నాడో చూడండి. నోలన్ దగ్గర వాళ్లు వెళ్లింది ఒపేరాకి, స్టేజీ మీద గబ్బిలాల్లాంటి వేషాలు చూసి పిల్లాడు భయపడి బయటికి వెళ్దామంటాడు, అందుకే ఆ సందులోకి వచ్చారు, అంటే వాడి భయం వల్లే అమ్మానాన్న పోయారని వాడి లెక్క. భయాన్ని ఆయుధం చేసుకోవడం అక్కడినుంచి వచ్చింది. స్నైడర్ దగ్గర అంతా స్లో మోషన్, తండ్రి పిడికిలి బిగిస్తాడు, తుపాకీ ముత్యాల దండలో చిక్కుకుంటుంది, బొమ్మ అద్భుతంగా ఉంటుంది గానీ పిల్లాడు అందులో ఏమీ చెయ్యడు, చూస్తాడు. చేతకానితనం అన్నమాట. రీవ్స్ అసలు చూపించలేదు. మేయర్ హత్య జరిగిన ఇంట్లో, మళ్లీ అంత్యక్రియల దగ్గర, ఆ మేయర్ కొడుకుని బ్రూస్ అలా చూస్తుండిపోతాడు, అంతే. చంపిందెవరో కూడా తేల్చడు, మాఫియా నాయకుడు ఫాల్కోనే ఒక కథ చెబుతాడు, బ్రూస్‌ని పెంచిన బట్లర్ ఆల్ఫ్రెడ్ ఇంకోటి చెబుతాడు. తేల్చకపోవడం ఎగవేత అనుకునేవాళ్లున్నారు. నాకైతే అదే నచ్చింది, పగ తీర్చుకోవడానికి మనిషే లేనివాడు ఊరందరి మీదా తీర్చుకుంటున్నాడు.

ముసుగు తీసినప్పటి సీన్లు అందరూ దాటేస్తారు, అసలు నటన అక్కడుంది. బేల్‌ది మూడు ముఖాల బ్రూస్. 2005 సినిమాలో తన పుట్టినరోజు పార్టీలో విలన్లు దూరారని తెలిసి, అతిథులని కాపాడటానికి తాగినట్టు నటించి అందరినీ తిట్టి తరిమేసే సీన్ పెట్టుకోండి: పైకి పొగరుబోతు, లోపల కంగారు, రెండూ ఒకేసారి కనపడతాయి. ఆఫ్లెక్ బ్రూస్ అలసిపోయిన పెద్దమనిషి, విలన్ లెక్స్ లూథర్ పార్టీలో నవ్వు కూడా డ్యూటీలా నవ్వుతాడు. ప్యాటిన్సన్‌కి ప్లేబాయ్ వేషమే లేదు, పగటిపూట బయటికి రావడమే ఇబ్బంది అతనికి. ముసుగు తీశాక కళ్లచుట్టూ నల్లరంగు చెరిగిపోయి ఉంటుంది చూశారా, ఎన్నో ఏళ్లుగా ముసుగు తీయగానే ఆ రంగు మాయమైపోయేది, రీవ్స్ దాన్ని దాచకుండా ఉంచేశాడు. బ్రూస్ వేషంలో కూడా బ్యాట్‌మ్యాన్ వదల్లేదని చెప్పడానికి డైలాగ్ అక్కర్లేకపోయింది.

చంపకూడదన్న నియమం గురించి ఎక్కువ కొట్టుకోకండి. తొలి కామిక్స్‌లోనే అతను మనుషుల్ని చంపాడు, నియమం తర్వాత వచ్చింది. నోలన్ సినిమాలు కూడా అనుకున్నంత శుభ్రంగా లేవు, 2005 చివర్లో రైల్లో విలన్ రాస్ అల్ ఘూల్‌ని నేను చంపను గానీ కాపాడాల్సిన పనీ లేదు అని వదిలేస్తాడు, 2008లో విలన్ జోకర్‌ని కింద పడకుండా పట్టుకుని, ప్రాసిక్యూటర్ హార్వీ డెంట్‌ని మాత్రం తనే తోసి పోగొట్టుకుంటాడు. అడగాల్సింది ఒకటే: చంపినప్పుడు సినిమాకి ఆ సంగతి తెలుసా? డెంట్ విషయంలో తెలుసు, ఆ నేరం నెత్తిన వేసుకుని పరుగెత్తడమే క్లైమాక్స్. స్నైడర్ దగ్గర కొంతవరకే తెలుసు.

ఇక అసలు ప్రశ్నకి రండి. దెబ్బ ఎక్కడ పడింది? 2008లో అది ఇంటరాగేషన్ గదిలో. లైట్లు వెలగ్గానే జోకర్ వెనక బ్యాట్‌మ్యాన్ నిలబడి ఉంటాడు. గది మొత్తం తెల్లటి వెలుతురు, నీడన్నది లేదు, ఆ సూట్ కొంచెం ఎబ్బెట్టుగా కూడా కనపడుతుంది. భయపెట్టి పని జరిపించుకోవచ్చన్నది ఇతని మొదటి సినిమా నమ్మకం, ఇక్కడ ఎంత కొట్టినా ఎదుటివాడు నవ్వుతున్నాడు, నన్ను బెదిరించడానికి నీ దగ్గర ఏమీ లేదంటున్నాడు. ఆ తర్వాత బ్రూస్ ఏం చేస్తాడో చూడండి, ఊరందరి ఫోన్లనీ మైకులుగా మార్చే యంత్రం కడతాడు. బ్రూస్ కంపెనీని నడిపే లూషియస్ ఫాక్స్ ఇది తప్పని చెప్పి రాజీనామా అంటాడు, చివర్లో ఆ యంత్రం నాశనమవుతుంది, కానీ దానివల్లే జోకర్ దొరికాడన్న ముల్లు అలాగే ఉంటుంది. నోలన్ తప్పు పట్టాడు, శిక్ష మాత్రం పూర్తిగా వెయ్యలేదు.

2016లో దెబ్బ పడేది మార్తా అన్న పేరు దగ్గర, బ్రూస్ తల్లి పేరూ సూపర్‌మ్యాన్ తల్లి పేరూ అదే. నవ్వుకున్నది చాలు, ఒకసారి శాంతంగా చూడండి. సూపర్‌మ్యాన్ శత్రువయ్యే అవకాశం ఒక్క శాతం ఉన్నా శత్రువనే తీసుకోవాలన్నది బ్రూస్ వాదన, మంచివాళ్లు క్రూరులయ్యేది ఇలాగేనని ఆల్ఫ్రెడ్ ముందే హెచ్చరించాడు, ఈటె ఎత్తి నిలబడ్డ క్షణంలో కింద పడ్డ సూపర్‌మ్యాన్ అమ్మ పేరు చెప్పగానే ఆ సందులో తుపాకీ పట్టుకున్నవాడి స్థానంలో తను నిలబడ్డానని తెలుస్తుంది. ఆలోచన దిట్టమైనదే. కానీ వెంటనే గోడౌన్ ఫైట్‌కి వెళ్లి అక్కడివాళ్లని ముందులాగే చంపుకుంటూ పోతాడు. ఫైట్‌గా చూస్తే ఈ ఐదింట్లో దానికి సాటి లేదు, కథగా చూస్తే ఇప్పుడే వచ్చిన బుద్ధి ఎటు పోయిందో తెలీదు. చివర్లో జైల్లో లెక్స్ ఒంటి మీద ముద్ర వెయ్యకుండా వదిలెయ్యడం ఆ మార్పుకి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం.

2022లో దెబ్బ మొదటి ఎంట్రీ డైలాగ్‌తోనే కొట్టారు. క్లైమాక్స్‌లో విలన్ రిడ్లర్ మనిషి ఒకడి ముసుగుని పోలీసు అధికారి గోర్డన్ లాగి ఎవడ్రా నువ్వంటే, వాడు నేను పగని అంటాడు. ప్యాటిన్సన్ ముఖంలో ముసుగు వల్ల కళ్లు, నోరే కనపడతాయి, వాటితోనే ఆ షాక్ చూపించాడు. తర్వాత నీళ్లలోకి దూకి, ఎర్రటి మంట వెలిగించి, శిథిలాల కింద ఇరుక్కున్నవాళ్లకి చెయ్యి చాస్తాడు. ఆ చెయ్యి చూసి ముందు జంకుతారు. మొదట పట్టుకునేది ఆ మేయర్ కొడుకే. ఎంట్రీ క్లిప్, ఈ క్లిప్ వెంటవెంటనే చూస్తే ఎవరూ మీకు వివరించక్కర్లేదు.

ఊరిని కూడా ఒక చూపు చూడండి. 2008 గోథమ్ చాలావరకు చికాగో వీధులే, పట్టపగలు బ్యాంకు దోపిడీ జరిగే ఊరు. రీవ్స్ లివర్‌పూల్, గ్లాస్గోలలో తీసి తెరపి లేని వాన కురిపించాడు. సంగీతం సంగతి, సినిమా అయ్యాక కూనిరాగంలో ఏది వస్తే అది గెలిచినట్టే, రీవ్స్ సినిమాకి సంగీతం చేసిన జియాకినో నాలుగు స్వరాలు నా నోట్లోంచి ఇప్పటికీ పోలేదు.

కామిక్స్ చదివినవాళ్లు దగ్గరుంటే జాగ్రత్త, కామిక్‌లో ఇలా లేదు అంటూ మొదలుపెడతారు. ఏ కామిక్ అని అడగండి. స్నైడర్ ఎక్కువగా తీసుకున్నది 1986లో ఫ్రాంక్ మిల్లర్ రాసిన ముసలి బ్యాట్‌మ్యాన్ నుంచి, నోలన్ మొదటి సినిమా, రీవ్స్ సినిమా రెండూ 1987లో అదే మిల్లర్ రాసిన కుర్ర బ్యాట్‌మ్యాన్‌కి బాకీ. రెండో ఏడాదిలో ఉన్నవాడినీ ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాడినీ ఒకే గజంతో కొలవకూడదు.

రాసేటప్పుడు ఒక్కో సినిమాకి మూడు వాక్యాలు చాలు: ఏం నమ్మాడు, ఏ సీన్‌లో బెడిసింది, తర్వాత ఏం చేశాడు. మూడోది రాయలేకపోతే లోపం మీదో సినిమాదో మళ్లీ చూసి తేల్చుకోండి. నాకు 2012 సినిమా దగ్గర ఇప్పటికీ ఆ మూడో వాక్యం సరిగ్గా రాదు, వెన్ను విరిగి, బావిలోంచి పాకి వచ్చి, బాంబు మోసుకెళ్లి, చివరికి ఫ్లోరెన్స్‌లో ఒక కేఫ్‌లో కూర్చుంటాడు, మారాడా రిటైరయ్యాడా అని. ఎవరు గొప్ప అని మీరు ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నా: సినిమాగా 2008, అందులో సందేహం లేదు, కానీ అది సగం జోకర్ సినిమా. బ్యాట్‌మ్యాన్‌గా నా ఓటు 2022కి.