మెకానిక్స్ సొంతంగా, 4వ పాఠం: విషయసూచిక చూసి కొనకండి

ఇవాళ డోలనాలు మొదలుపెట్టాలి. కుదరదు. పోయిన పాఠంలో కోఠీకి వెళ్లి నాలుగు పుస్తకాలు తిరగేసి ఒక్కటి కొనుక్కోమన్నాను. చాలామంది తిరగేయడం మానేసి కొనడం మాత్రం చేశారు. కొన్నది గోల్డ్‌స్టీన్ రాసిన ‘క్లాసికల్ మెకానిక్స్’. ‘మా సీనియర్ అక్క అదే చదివింది మేడమ్’ అట. ఆ అక్క ఎమ్మెస్సీలో చదివింది. మీరింకా బీయస్సీ మొదటి ఏడాదిలో ఉన్నారు. మొదటి అధ్యాయంలోనే డి’అలంబర్ సూత్రం దగ్గర ఆగిపోయామని రాశారు. ఆగకపోతేనే ఆశ్చర్యపోవాలి. న్యూటన్ నియమాలతో లెక్కలు చేసి చేసి అలిసిపోయినవాళ్ల కోసం రాసిన పుస్తకం అది. అమ్మేయకండి, అవసరం పడుతుంది. ప్రస్తుతానికి అటక మీద పెట్టండి.

గణితం ఎంత రావాలి, సిలబస్‌తో ఎలా పోల్చుకోవాలి అన్నవి మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. పరీక్ష గట్టెక్కడానికి తెలుగు అకాడమీ పుస్తకం చాలు. మనం వెతికేది దాని పక్కన పెట్టుకునే రెండో పుస్తకం.

నన్ను విసిగించే సంగతి ఒకటుంది. షాపులో అందరూ విషయసూచిక చూస్తారు. లాగ్రాంజియన్ ఉందా, హామిల్టోనియన్ ఉందా (బలాలకు బదులు శక్తులతో లెక్క చేసే పద్ధతుల్లో వాడే రాశులివి), దృఢ వస్తువులు ఉన్నాయా? ఇవి చాలా పుస్తకాల్లో ఉంటాయి. విషయసూచిక చూస్తే గైడుకీ మంచి పుస్తకానికీ తేడా తెలియదు. నేనైతే ఒకే ఒక్క లెక్క పట్టుకుని వెళ్తాను, ప్రతి పుస్తకంలోనూ దాన్నే వెతుకుతాను.

లెక్క ఇది. నున్నటి, తిన్నని తీగ. ఒక చివర నిలువు ఇరుసుకు బిగించి, నేలకు సమాంతరంగా స్థిర కోణీయ వేగంతో తిప్పుతున్నాం. తీగ మీద ఒక పూస, రాపిడి లేదు. పూస ఇరుసు నుంచి దూరంగా జారిపోతుంది, వేగం పెరుగుతూ పోతుంది. తీగ పూసను తోసేదేమో ఎప్పుడూ తీగకు లంబంగానే. లంబంగా ఉండే బలం పని చేయదని ఇంటర్‌లో బట్టీ పట్టాం కదా, మరి గతిజశక్తి ఎక్కణ్నుంచి వస్తోంది?

బలం తీగకు లంబమే, కాదనను. పూస కదలిక మాత్రం తీగ వెంట ఒక్కటే లేదు. తీగ తిరుగుతోంది కాబట్టి పూసకు అడ్డంగానూ వేగముంది. ఆ అడ్డ వేగం దిశలో బలం పని చేస్తుంది. ఒక క్షణం కాలాన్ని ఆపేసి, తీగ కదలడం లేదనుకుని, పూసను తీగ వెంట కొంచెం జరిపినట్టు ఊహించుకోండి. ఆ ఊహా స్థానభ్రంశంలో మాత్రమే పని సున్నా. డి’అలంబర్ సూత్రంలో ఉన్నది ఈ ఊహా స్థానభ్రంశమే, మీరు తట్టుకుని పడిందీ ఇక్కడే. మళ్లీ చెబుతాను, నోట్సులో రాసుకోండి: నిజంగా జరిగే కదలికలో తీగ పని చేస్తుంది, ఊహించుకున్న కదలికలో చేయదు. శక్తి ఇస్తున్నది తీగను తిప్పే మోటారు. అందుకే పూస మొత్తం శక్తి స్థిరంగా ఉండదు. స్థిరంగా ఉండేది ఇంకొకటి. తీగ వెంట వేగం వల్ల వచ్చే గతిజశక్తి, తిరగడం వల్ల వచ్చే గతిజశక్తి, ఈ రెంటినీ కూడితే పూస శక్తి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మారని రాశి. ఈ లెక్కలో హామిల్టోనియన్ ఆ తీసేయగా వచ్చినదే. హామిల్టోనియన్ అంటే ఎప్పుడైనా సరే మొత్తం శక్తే అని రాసిన పుస్తకం కనిపిస్తే అక్కడే కింద పెట్టేయండి.

ఇప్పుడు పూసను పట్టుకుని షాపులోకి వెళ్దాం. క్లెప్నర్, కొలెన్‌కోవ్ పుస్తకం (1973) మొదటి అధ్యాయంలోనే చక్రం స్పోక్ మీద పూస కనిపిస్తుంది. అక్కడ శక్తి ఊసు లేదు, వేగం, త్వరణం మాత్రమే. కానీ త్వరణంలో తీగకు అడ్డంగా ఉండే, ముందు 2 గుణకం ఉన్న పదం ఎలా పుట్టిందో తెలిసిపోతుంది, తీగ తోపుకు మూలం అదే. ఈ పుస్తకంలో లాగ్రాంజియన్ లేదు. లేకపోవడమే నాకు నచ్చుతుంది. లెక్కలు కష్టం, ఏడిపిస్తాయి. మొదటి ఏడాదికి నా ఓటు దీనికే.

లాగ్రాంజియన్ కావాల్సిందేనని పట్టుబట్టేవాళ్లకు టేలర్ (2005). ఏడో అధ్యాయంలో పూస తిరిగే రింగు మీదికి ఎక్కుతుంది. హామిల్టోనియన్ ఎప్పుడు మొత్తం శక్తి అవుతుందో, ఎప్పుడు కాదో ఆ అధ్యాయంలోనే విడమరిచి చెబుతాడు. మాటలు ఎక్కువ, నాకు ఓపిక చాలదు. సొంతంగా చదువుకునేవాళ్లకు మాత్రం అవి అక్కరకొస్తాయి.

గోల్డ్‌స్టీన్‌లోనూ ఇదే తీగ, ఇదే పూస. కొద్ది లైన్లలోనే అయిపోతుంది, మిగతాది మీ పని. పైగా మూడో ఎడిషన్‌లో నాన్‌హోలోనోమిక్ నిబంధనల (స్థానాల మధ్య సమీకరణంగా రాయలేని నిబంధనల) భాగం తప్పని 2005లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో ఫ్లానరీ చూపించాడు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద 1980 నాటి రెండో ఎడిషన్ దొరికితే నేను దాన్నే తీసుకుంటాను. లాండౌ, లిఫ్‌షిట్జ్‌ల ‘మెకానిక్స్’ సన్నగా ఉందని మోసపోకండి, ఇప్పుడొద్దు.

అభ్యాసం ఒక్కటే. పూసను స్ప్రింగుతో ఇరుసుకు కట్టండి. పూస తీగ మీద కదలకుండా ఏ దూరంలో నిలబడుతుంది? అక్కణ్నుంచి కాస్త కదిపితే ఎంత కోణీయ పౌనఃపున్యంతో ఊగుతుంది? అలా ఊగుతున్నప్పుడు మోటారు ఇచ్చే సామర్థ్యం ఏ క్షణంలో సున్నా, ఏ క్షణంలో రుణాత్మకం? కోణీయ వేగం పెంచుకుంటూ పోతే ఒక విలువ దగ్గర ఊగడం ఆగిపోతుంది, ఆ విలువెంత? ముందు పుస్తకం ముట్టకుండా చేయండి, తర్వాతే షాపుకి వెళ్లండి. వచ్చేసారి డోలనాలు ఈ స్ప్రింగుతోనే మొదలుపెడతాను.