పిట్టగూడు పుట్టకొక్కుల్ని సేకరించి రాసిపెట్టుకోవడం ఎలా?

ఉద్దానంలో రెండు మూడు వానలు గట్టిగా పడ్డాక ఏదైనా జీడితోటలోకి వెళ్లి గొంతుక్కూర్చోండి. నిలబడి చూస్తే ఇవి కనబడవు. కుళ్లిన కొమ్మల మీద, పాత గెత్తం (పశువుల ఎరువు) మీద సెంటీమీటరు ఎత్తున్న బుల్లి గిన్నెలు, వాటి అడుగున ఆవగింజంత చదును గుడ్లు (నిజం గుడ్లు కావు, బీజాల పొట్లాలు). అదే పిట్టగూడు పుట్టకొక్కు. కూరకు పనికొస్తుందా అని తోటలో ఎవరో ఒకరు అడుగుతారు. రాదు, నమలడానికి కూడా ఏమీ ఉండదు.

తోటైతే యజమానిని అడగండి. కొండ మీది రిజర్వు ఫారెస్టైతే అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ తీయొద్దు, ఫొటోతో ఆగండి.

చెయ్యి పెట్టే ముందు ఫొటోలు తీయండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి. భూతద్దంతో గిన్నె లోపలి గోడ చూడండి: నిలువు గీతలున్నాయా, నున్నగా ఉందా? గుడ్లు నల్లనివా, బూడిదరంగువా? పేడ మీద నల్ల గుడ్లు, నున్నటి గోడ ఉంటే సయాథస్ స్టెర్కోరియస్ అనే జాతి అని అనుమానించవచ్చు. ఖాయం చేయాలంటే మైక్రోస్కోపు కింద బీజాలు చూడాల్సిందే.

కొన్ని గిన్నెలు ఖాళీగా ఉంటాయి. వానచుక్క గిన్నెలో పడితే ఆ దెబ్బకు గుడ్డు మీటరు దూరం దాకా ఎగరగలదు. సయాథస్ జాతుల్లో గుడ్డుకు సన్నటి తాడు ఉంటుంది, దాని జిగురు కొస గడ్డిపరకకు అంటుకుని తాడు చుట్టుకుంటుంది. అందుకే చుట్టూ గడ్డి కూడా వెతకండి. ఇంకా మూత విప్పని లేత గిన్నెలు దొరికితే అవీ కావాలి.

ఇప్పుడు చాకుతో, కింది పుల్లముక్కతో సహా, నాలుగైదు గిన్నెలే కోయండి. మిగతావి అక్కడే ఉండనివ్వండి. కాగితం కవరులో వేయాలి, ప్లాస్టిక్‌లో కాదు. మొదటిసారి నేను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి తెచ్చాను. మర్నాటికి గిన్నెల మీద తెల్లటి బూజు, గుడ్లు ఎక్కడున్నాయో తెలియలేదు. అంతకంటే పెద్ద తప్పు, ఏ కర్ర మీద దొరికిందో రాసుకోలేదు. ఆ వివరం లేకపోతే నమూనా సగం పోయినట్టే.

కాబట్టి అక్కడే, తడి చేత్తోనైనా, పెన్సిలుతో చీటీ రాయండి. పెన్ను సిరా వానకు కారిపోతుంది. నా చీటీ ఒకటి ఇలా ఉంటుంది: "మందస దగ్గర జీడితోట. బెరడూడిన జీడికొమ్మ, నేలకు ఆనుకుని ఉంది. నీడ. నిన్న వాన. గిన్నెలు 11, మూతవి 3. గోడకు గీతలున్నాయి." తేదీ, ఫోన్లో చూపించే అక్షాంశ రేఖాంశాలు, ఫొటో నంబర్లు కింద వేస్తాను. చీటీ నమూనాతోపాటే కవర్లో ఉండాలి.

ఇంటికొచ్చాక గాలి ఆడే నీడలో, ఫ్యాను కింద, పుల్లముక్క పుటుక్కున విరిగేదాకా ఆరబెట్టండి. తర్వాత సిలికా జెల్ పొట్లంతో బిగుతు మూత డబ్బాలో దాచండి. ఆరబెట్టే ముందు ఒక గిన్నెను పక్కన పెట్టి, పైనుంచి డ్రాపరుతో నీటిచుక్కలు వదలండి. చుట్టూ తెల్లకాగితం పరిచి ఉంచితే గుడ్లు ఎంత దూరం పడ్డాయో స్కేలుతో కొలిచి అదీ చీటీలో రాయొచ్చు.