పెన్‌డ్రైవ్ పీకే ముందు

సిరిమానోత్సవం ఫొటోలు ప్రింట్ వేయిద్దామని విజయనగరం గంటస్తంభం దగ్గర షాపుకి వెళ్లాను. ఇంట్లో కాపీ గీత నిండీ నిండకముందే మా మేనల్లుడు పెన్‌డ్రైవ్ లాగీసాడు. "ఏటవదులే మావయ్యా" అన్నాడు. షాపులో తెరిస్తే సిరిమాను సగం వరకే ఉంది, కింద అంతా బూడిదరంగు!

కంప్యూటర్ కొంత డేటాని మెమరీలో ఉంచుకుని తీరిగ్గా డ్రైవ్‌లోకి దించుతుంది. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి 'క్విక్ రిమూవల్' (డేటాని మెమరీలో ఆపకుండా వెంటనే డ్రైవ్‌లోకి రాసేసే పద్ధతి) మామూలు సెట్టింగ్ అయింది కాబట్టి భయం తగ్గింది. కానీ కాపీ నడుస్తుండగా పీకితే అదీ కాపాడదు. లినక్స్ వాడేవాళ్లయితే ఎజెక్ట్ (డ్రైవ్‌ని తీయడానికి సిద్ధం చేయమనే బటన్) నొక్కకుండా తీయనే వద్దు.

గడియారం పక్కనున్న యూఎస్‌బీ గుర్తు నొక్కి ఎజెక్ట్ చేయండి. డ్రైవ్ వాడుకలో ఉందంటే అందులోంచి తెరిచిన ఫైళ్లు మూసేయండి. అప్పటికీ వదలకపోతే షట్‌డౌన్ చేసి తీయండి, స్లీప్ చాలదు.

ఇప్పటికే పీకేశారా? మళ్లీ పెట్టినప్పుడు ఫార్మాట్ చేయమంటే కంగారులో ఓకే కొట్టకండి. డ్రైవ్ తెరుచుకుంటే ముందు వచ్చినన్ని ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోండి. తర్వాత డ్రైవ్‌లో తప్పులు వెతకడానికి విండోస్‌లో దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్, చెక్. మాకు పదకొండు ఫొటోలు పోయాయి, మిగతావి దక్కాయి.