నెట్‌లోగోలో ట్రాఫిక్ నమూనా: ముందు నిర్ణయం, తరువాతే కదలిక

ఒక్కో బండినీ సొంతంగా నిర్ణయం తీసుకునే ఏజెంటుగా భావించి ట్రాఫిక్‌ను కంప్యూటర్‌లో అనుకరించదలచినవారు నగర పటం జోలికి వెళ్లకుండా, ముందుగా ఒకే వరుస గల వలయాకారపు రోడ్డును నిర్మించుకోవడం మేలు. అందుకు నెట్‌లోగో భాష చక్కగా సరిపోతుంది. ఇందులో కదిలే ఏజెంటును టర్టిల్ అనీ, నేల మీది గడిని ప్యాచ్ అనీ, కాలంలో ఒక అడుగును టిక్ అనీ అంటారు. నియమాలకు నాగెల్, ష్రెకెన్‌బెర్గ్ 1992లో ప్రతిపాదించిన నమూనాను తీసుకుందాం. గడి పొడవు 7.5 మీటర్లు, టిక్ అంటే ఒక సెకను, గరిష్ఠ వేగం టిక్‌కు 5 గడులు, అనగా గంటకు 135 కిలోమీటర్లు.

సెట్టింగ్స్‌లో అడ్డంగా 0 నుంచి 99 వరకు గడులు ఉంచి, వరల్డ్ ర్యాప్స్ హారిజాంటల్లీ అన్నదాన్ని ఎంచుకుంటే 750 మీటర్ల వలయం సిద్ధమవుతుంది. బండ్లను ఒకే వరుసలోని వేర్వేరు గడుల్లో నిలిపి హెడింగ్ 90, అంటే కుడివైపు దిశ, ఇవ్వాలి. ఇవ్వకపోతే ఒక్కోటి ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటుంది.

ప్రతి టిక్‌లో బండి గరిష్ఠం మించకుండా వేగాన్ని ఒకటి పెంచుకుంటుంది. ముందున్న ఖాళీ గడులు అంతకన్నా తక్కువైతే ఆ సంఖ్యకు దిగుతుంది. కొంత సంభావ్యతతో, ఏ అడ్డూ లేకపోయినా, మరొకటి తగ్గించుకుంటుంది. ఆ తరువాతే జరుగుతుంది. ఖాళీని లెక్కించడానికి, ముందు ఇన్ని గడుల దూరంలో ఉన్న గడిని చూపే ప్యాచ్-అహెడ్‌తో ఐదు గడులు చూస్తే చాలు, వలయపు అంచును నెట్‌లోగోయే చూసుకుంటుంది.

అసలు జాగ్రత్త ఇక్కడే అవసరం. ఆస్క్ టర్టిల్స్ ఆదేశం బండ్లను యాదృచ్ఛిక క్రమంలో ఒకదాని తరువాత ఒకటిగా నడిపిస్తుంది కాబట్టి, నాలుగు పనులనూ ఒకే ఆస్క్‌లో రాస్తే ఒక బండి తన ముందు బండి అప్పటికే జరిగిన చోటును, మరొకటి ఇంకా జరగని చోటును చూసి వేగం నిర్ణయించుకుంటాయి. మొదటి మూడు పనులను ఒక ఆస్క్‌లో ముగించి, జరగడాన్ని రెండో ఆస్క్‌లో రాయండి.

సరిగా రాశారో లేదో తేల్చుకోవడానికి సంభావ్యతను 0 చేసి కాసేపు నడపండి: 20 బండ్లుంటే సగటు వేగం సరిగ్గా 4 వద్ద, 50 ఉంటే 1 వద్ద స్థిరపడాలి, ఎందుకంటే ఖాళీ గడులను బండ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది అదే. ఈ పరీక్ష దాటకుండా ఏ ఫలితాన్నీ నమ్మవద్దని నా మనవి.

తరువాత సంభావ్యతను 0.3 చేస్తే, బండ్లు ముందుకే పోతున్నా జామ్ మాత్రం వెనక్కి పాకడం కనిపిస్తుంది. సుగియామా బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో, జపాన్‌లో 230 మీటర్ల వలయంపై 22 నిజమైన కార్లు నడిపినప్పుడు కూడా, ఏ అడ్డంకీ లేకుండానే ఇలాంటి జామ్ ఏర్పడింది.

హైదరాబాద్ రోడ్లకు ఈ గడులు చాలవు. కార్ల మధ్య సందుల్లోంచి బైకులు, ఆటోలు దూరిపోయే చోట, వరుసను సన్నని పట్టీలుగా విభజించే, సుమో (SUMO) అనే ట్రాఫిక్ అనుకరణ సాఫ్ట్‌వేర్‌లోని సబ్‌లేన్ పద్ధతికి మారాలి.