ఎండాకాలంలో ఫ్లోరెన్స్ వెళ్తున్నారా? బాత్రూం భయంతో నీళ్లు మానకండి

తెలిసినవాళ్ల గ్రూపులో ఒకావిడ ఈమధ్యే ఇటలీలోని ఫ్లోరెన్స్ కెథెడ్రల్ (పెద్ద చర్చి) డోమ్ ఎక్కుతూ మెట్ల మధ్యలో కళ్లు తిరిగి కూలబడింది. జ్వరం లేదు, గుండె జబ్బు లేదు. పొద్దున హోటల్లో తాగిన కాఫీయే, ఆ తర్వాత మధ్యాహ్నం మూడు దాకా చుక్క నీళ్లు ముట్టలేదు. ఎందుకని అడిగితే, తెలియని ఊళ్లో మాటిమాటికీ బాత్రూం కోసం ఎక్కడ వెతుక్కుంటాం అంది.

టోపీ, మంచి బూట్లు, సన్‌స్క్రీన్ సంగతి అందరూ చెబుతారు కాబట్టి వదిలేస్తున్నా. నేను చెప్పేది ఒకటే, బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానకండి. ఇలాంటి టూర్లలో మనుషులు పడిపోవడం చూసినప్పుడల్లా ఆరా తీస్తే చాలాసార్లు ఇదే బయటపడింది, అందులోనూ ఆడవాళ్లు, అరవై దాటినవాళ్లు ఎక్కువ.

మ్యూజియంలో అలసట మామూలుగా నడిచిన అలసటలా ఉండదు. నడుస్తున్నప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. క్యూలో అరగంట, బొమ్మ ముందు పది నిమిషాలు కదలకుండా నిలబడితే ఆ రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, దానికి ఒంట్లో నీళ్లు తగ్గడం కూడా తోడైతే బీపీ పడిపోయి కళ్లకు చీకట్లు కమ్ముతాయి. అందుకే నిలబడ్డచోటే మడమలు ఎత్తి దించుతుండండి. బెంచీ కనబడితే అలసట లేకపోయినా కూర్చోండి.

ఇక డోమ్. వాస్తుశిల్పి బ్రూనెల్లెస్కీ 1436లో పూర్తి చేసిన కట్టడం, 463 మెట్లు, లిఫ్ట్ లేదు. గుమ్మటానికి రెండు పొరలుంటాయి, వాటి మధ్య సందులోంచే ఎక్కాలి. పైకి పోయేకొద్దీ గోడ మన మీదికి వంగుతుంది, మనమూ దాంతో పాటు ఒక పక్కకి ఒరిగి నడవాలి, ముందు మనిషి మడమలు మన మొహం ముందే కదులుతుంటాయి, వెనక ఇంకో వరస జనం. అలాంటి చోట కూలబడిన మనిషిని కిందికి తేవడం ఎంత కష్టమో ఆలోచించండి. దారిలో, చిత్రకారుడు వసారీ గుమ్మటం లోపలివైపు మొదలుపెట్టిన 'తుది తీర్పు' చిత్రాలను దగ్గర్నించి చూసే నడవా వస్తుంది. అంతదాకా ఎక్కిన ఆయాసంతోనే చాలామంది తల పూర్తిగా వెనక్కి వాల్చేస్తారు. ముందు రెయిలింగ్ పట్టుకుని ఊపిరి కుదుటపడనివ్వండి, తర్వాత చూడండి.

డోమ్‌కి టైం వేసిన టికెట్ ముందే బుక్ చేసుకోవాలి కాబట్టి పొద్దుటి స్లాట్ తీసుకోండి, మండే ఎండ వేళకి ఉఫిజీ మ్యూజియంలో ఉండండి. చాలామంది దీన్ని తిరగేసి, మ్యూజియంలో కాళ్లు అరిగాక డోమ్ పెట్టుకుంటారు. అకాడెమియా మ్యూజియంలో ఉన్న మికెలాంజెలో శిల్పం డేవిడ్‌ని, ఉఫిజీని ఒకే రోజు కుక్కకండి. సోమవారం రెండూ మూత.

నీళ్ల విషయానికి మళ్లీ వస్తున్నా, కోప్పడకండి. ఉఫిజీ పక్కనే ఉన్న పియాజ్జా డెల్లా సిన్యోరియా అనే చౌకులో తాగునీటి కుళాయి ఉంది, సీసా నింపుకోండి. బాత్రూంలు మ్యూజియంలలో ఉన్నాయి, అవసరం అనిపించకపోయినా బయటికొచ్చే ముందు వెళ్లి రండి. దారిలో ఏ కాఫీ బార్‌లోనైనా ఒక ఎస్ప్రెసో తాగి "బాన్యో" అని అడిగితే చూపిస్తారు. ఆ చిన్న కప్పు కాఫీ మాత్రం నీళ్లకి బదులు కాదు.

ఇటలీ ఆరోగ్య శాఖ వేసవిలో నగరాలవారీగా ఎండ హెచ్చరికలు ఇస్తుంది. రెడ్ అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ ప్రమాదమే. ఆ రోజు ఊరంతా కనబడే గుట్ట మీది పియాజ్జాలే మికెలాంజెలోకి పగలు నడిచి ఎక్కొద్దు. సాయంత్రం వెళ్లండి, అదీ బస్సులో.

బీపీకి నీళ్ల మాత్రలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి) వేసుకునేవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి.

టిఫిన్ మానేసి క్యూలో నిలబడొద్దు.

ఫొటో కోసం వెనక్కి నడవొద్దు. 2025 జూన్‌లో ఉఫిజీలో ఒక టూరిస్టు పాతకాలపు యువరాజు ఫెర్డినాండో దె మెదిచి చిత్రంలోని భంగిమలో పోజు పెట్టబోయి వెనక్కి తూలి కాన్వాస్ చింపేశాడు.

చర్చిల్లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, దానికోసం మందపాటి బట్టలు వేసుకుని ఉడికిపోకండి, పల్చటి చున్నీ చాలు.

దాహం వేసేదాకా ఆగకండి. బాత్రూం భయంతో అసలు ఆగకండి.

పెద్దవాళ్లు "నేను బాగానే ఉన్నా" అంటే నమ్మకండి, ఆఖరుసారి నీళ్లు ఎప్పుడు తాగారో అడగండి.

కళ్లు తిరిగితే నిలబడే సర్దుకుంటుందని చూడొద్దు, సిగ్గుపడకుండా అక్కడే నేలమీద కూర్చోండి, వీలైతే పడుకుని కాళ్లు ఎత్తి పెట్టండి.

చెమట పట్టడం ఆగి ఒళ్లు కాలిపోతున్నా, మాట తడబడుతున్నా, చెమటలు కారుతూనే మనిషి అయోమయంగా ఉన్నా అది వడదెబ్బే. నీడలోకి చేర్చి బట్టలు తడపండి, స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి, గైడ్ ఎక్కడున్నాడా అని వెతక్కుండా వెంటనే 112కి ఫోన్ చేయండి.