పాండాక్‌లో తెలుగు చెదిరిందా? ముందు హైఫన్ ఎస్ చూడండి

సమస్య: మార్క్‌డౌన్‌లో (చిన్న గుర్తులతో రాసే సాదా టెక్స్ట్) రాసిన తెలుగు వ్యాసాన్ని, ఫైళ్లను ఒక ఫార్మాటు నుంచి మరోదానికి మార్చే పాండాక్ అనే పనిముట్టుతో హెచ్‌టీఎంఎల్‌లోకి మార్చారు. బ్రౌజర్‌లో తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. నెత్తిన గీత ఉన్న రోమన్ ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్లీ అదే ఏ. పేజీ నిండా ఇదే వరస.

చాలామంది వెంటనే ఫాంటు మారుస్తారు. కొందరు ఎన్‌కోడింగు (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) మార్చి మళ్లీ సేవ్ చేసి, బాగున్న ఫైలును నిజంగానే పాడుచేసుకుంటారు. దయచేసి ఆగండి. ఆ హెచ్‌టీఎంఎల్ ఫైలును ముందు మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. అక్కడ తెలుగు చక్కగా కనిపిస్తే ఫైలుకు ఏమీ కాలేదు. ఇక మొదటి వరుస చూడండి. అది డాక్‌టైప్‌తో (పూర్తి హెచ్‌టీఎంఎల్ పేజీ మొదట ఉండే <!DOCTYPE html> వరుస) మొదలు కాకుండా నేరుగా శీర్షికతోనో పేరాతోనో మొదలైతే దొంగ దొరికినట్టే. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పని మాత్రం ఎవరూ చేయరు.

కారణం: కమాండులో హైఫన్ ఎస్ (-s), అంటే స్టాండలోన్ ఆప్షన్, లేదు. అది లేకపోతే పాండాక్ పూర్తి పేజీ ఇవ్వదు, వేరే పేజీలో అతికించుకునే ముక్క ఇస్తుంది. ముక్కకు హెడ్ భాగం ఉండదు. ఈ ఫైలు ఎన్‌కోడింగు యూటీఎఫ్-8 అని బ్రౌజర్‌కు చెప్పే మెటా ట్యాగు ఉండేది అక్కడే. చెప్పే దిక్కు లేక బ్రౌజర్ దాన్ని పాత పాశ్చాత్య ఎన్‌కోడింగుగా చదువుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. అందుకే ఆ వరస.

ఇది త్వరగా దొరకకపోవడానికి కారణం ఉంది. అదే కమాండుతో డాక్ఎక్స్, ఈపబ్, పీడీఎఫ్ చేస్తే స్టాండలోన్ దానంతటదే అమలవుతుంది. హెచ్‌టీఎంఎల్‌కు మాత్రం మనమే అడగాలి. పైగా కొన్ని బ్రౌజర్లు ఎన్‌కోడింగును ఊహించి సరిగ్గానే చూపుతాయి. కాబట్టి మీ దగ్గర బాగున్న పేజీ అవతలివారి దగ్గర చెదురుతుంది.

విషయసూచిక కోసం టీఓసీ ఆప్షన్ ఇచ్చినా సూచిక రాకపోవడానికి, పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్ ఫైలు ఇచ్చినా రూపం మారకపోవడానికి కూడా ఇదే మూలం. రెండూ హైఫన్ ఎస్ లేనిదే పనిచేయవు. హెడర్‌లో ఫైలు చేర్చే ఆప్షన్ మాత్రం స్టాండలోన్‌ను తనే అమలు చేస్తుంది! 2006లో మొదలైన పనిముట్టు ఇది. ముక్కనే కోరుకునే స్క్రిప్టులు ఎన్నో దీని మీద నడుస్తున్నాయి కనుక ఈ తీరును ఇప్పుడు మార్చడం కష్టమే. కానీ మీరు కొత్తగా ఇలాంటిది రాస్తుంటే, ఒక ఆప్షన్‌కు మరొకటి తప్పనిసరైనప్పుడు ఆ రెండోదాన్ని మీరే అమలు చేయండి, లేదా అది లేదని గట్టిగా చెప్పండి. ఇచ్చిన ఆప్షన్‌ను చప్పుడు లేకుండా వదిలేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

పరిష్కారం: హైఫన్ ఎస్ చేర్చండి. టైటిల్ లేదని హెచ్చరిక వస్తే కంగారుపడి హైఫన్ ఎస్‌ను తీసేయకండి. మెటాడేటాలో టైటిల్ ఇవ్వండి. అది పేజీ పైన పెద్ద శీర్షికగా కనిపించడం ఇష్టం లేకపోతే పేజ్‌టైటిల్ ఇవ్వండి, బ్రౌజర్ ట్యాబులో మాత్రమే కనిపిస్తుంది.

పీడీఎఫ్ ఆగిపోయినా, ఖాళీగా వచ్చినా: పీడీఎఫ్ తయారీకి పాండాక్ మామూలుగా వాడే పీడీఎఫ్‌లాటెక్ అనే ప్రోగ్రాం తెలుగు దగ్గర ఆగిపోతుంది. దాని బదులు పీడీఎఫ్ ఇంజిన్‌గా జీలాటెక్ (xelatex) ఇవ్వండి. అది ఒక్కటే ఇస్తే తెలుగున్న చోట ఖాళీలు వస్తాయి, మెయిన్‌ఫాంట్‌గా నోటో సెరిఫ్ తెలుగు లాంటిది కూడా ఇవ్వాలి. కోడు భాగాల్లో తెలుగు ఉంటే మోనోఫాంట్ విడిగా చెప్పాలి.

ఫైలు పేరు చివర వింత పొడిగింపు ఉండి పాండాక్ ఫార్మాటును తప్పుగా అనుకోవడం అరుదు. అలా జరిగితే హైఫన్ ఎఫ్‌తో (-f) ఫార్మాటు మీరే చెప్పండి, చాలు. వర్డ్ ఫైలు ‘అను’ అనే పాత తరహా ఫాంట్లలో టైపు చేసినదైతే లోపల ఉన్నవి అసలు తెలుగు అక్షరాలే కావు. ఏ ఆప్షనూ దాన్ని బాగుచేయలేదు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకుని ఆ తర్వాత పాండాక్‌కు ఇవ్వండి.